ఎదుటి బ్లాకు కిటికీలో పాప

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నెల్లూరు జిల్లా. ఆరేళ్ళుగా బెంగళూరులో హొరమావు వైపు ఒక అపార్ట్‌మెంట్లో అద్దెకుంటున్నాం. మొన్నొక రాత్రి నిద్రపట్టక ఫోన్లో ఒక డాక్యుమెంటరీ చూశాను. అమెరికాలో ఒక తండ్రి కన్నకూతుర్ని పదమూడేళ్ళు వచ్చేదాకా గదిలో కట్టేసి ఉంచాడట. ఆ పిల్లకి జీనీ అని పేరు పెట్టారు. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఎందుకంటే మా యుటిలిటీలో బట్టలు ఆరేస్తుంటే ఎదుటి బ్లాకు మూడో అంతస్తు కిటికీ ఒకటి కనపడుతుంది. అక్కడ ఏడెనిమిదేళ్ళ పాప గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒక్కోసారి స్టీలు గ్లాసుతో గ్రిల్లు మీద కొడుతూ ఉంటుంది. స్కూలుకి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం పిల్లలందరూ కింద ఆడుకుంటారు, ఆ పాప రాదు. వాళ్ళూ తెలుగువాళ్ళే, కడప వైపు వాళ్ళట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పాప అమ్మమ్మ లిఫ్టులో కనపడితే నవ్వేది, పాప సంగతి అడిగితే మాత్రం మాట మార్చేది. మా ఇంట్లో, వాళ్ళింట్లో పనిచేసే ఆమె "ఆ పాపకి మాటలు రావంట, ఎవరైనా వస్తే లోపలి రూములో పెడతారు" అంది. దీపావళి రాత్రి కింద లక్ష్మీబాంబులు పేలుతుంటే మా బాబు చెవులు మూసుకుని నా కొంగులో దూరాడు. ఆ పాప మాత్రం కిటికీ దగ్గరే నిలబడి, కొంచెం కూడా ఉలిక్కిపడకుండా చూస్తూ ఉంది. పోయిన వారం అమ్మమ్మ ఊరికి వెళ్ళింది. ఆవిడ వచ్చేదాకా రావొద్దని పనామెకి చెప్పారట. అప్పటి నుంచి పొద్దున తొమ్మిదికి బయట తాళం పడుతోంది, రాత్రి ఏడుకి తీస్తున్నారు. పాప లోపలే ఉంటోంది, నేను కిటికీలో చూస్తూనే ఉన్నాను. మావారు "వాళ్ళు ఓనర్లు, మనం అద్దెకున్నవాళ్ళం, మనకెందుకు" అంటారు. అత్తయ్యగారు "తల్లినీ బిడ్డనీ విడదీసిన పాపం మూటగట్టుకోకు" అంటారు. సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెడదామని టైపు చేసి డిలీట్ చేశాను. నేను ఎక్కువ ఊహించుకుంటున్నానా? ఏం చేయమంటారు?
— ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తానమ్మా, మిగతా మాటలు తరవాత. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఈ రోజే చేయండి. ఇంకో వారం చూద్దాం, అమ్మమ్మ వచ్చాక చూద్దాం అనుకోవద్దు.

మీరు ఎక్కువ ఊహించుకోవడం లేదు. బడి ఈడు పిల్ల బడికి పోవడం లేదు, రోజుకి పది గంటలు తాళం వేసిన ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఇందులో ఊహ ఎక్కడుంది? గ్యాస్ లీకైనా, షార్ట్ సర్క్యూట్ అయినా తలుపు తీసేవాళ్ళు లేరు. నీళ్ళు కావాలన్నా అడగడానికి మనిషి లేదు, మాట కూడా లేదు. ఈ మాత్రం చూడ్డానికి ఏ డాక్యుమెంటరీ అక్కర్లేదు. ఊహ మొదలయ్యేది దీని తరవాతే. ఆ తలుపు వెనక జీనీ తండ్రి లాంటివాడు ఉన్నాడని మీకు అనిపిస్తోంది చూడండి, అది మాత్రం మనకి తెలియదు. ఉండకపోవచ్చు. నాకైతే అక్కడ ఉన్నది భయపడిపోయిన మామూలు తల్లిదండ్రులేమో అనిపిస్తోంది. కానీ ఫోన్ చేయడానికి అది తేలక్కర్లేదు.

మీరు చూసినది 1994లో అమెరికాలో పీబీఎస్ టీవీ వాళ్ళ నోవా సైన్స్ సిరీస్‌లో వచ్చినదే అయ్యుంటుంది. నేనూ చూశాను. అది చూసినవాళ్ళందరికీ గుర్తుండేవి ఒకటే: పగలంతా ఆ పిల్లని కట్టి కూర్చోబెట్టిన కుర్చీ, రాత్రి పడుకోబెట్టిన, పైన తీగల జల్లెడ ఉన్న తొట్టి, చేతులు ముందుకి పెట్టుకుని కుందేలులా నడిచే నడక. నాకు మాత్రం అందులో చూపించిన ఒక గవర్నమెంటు ఆఫీసే గుర్తుండిపోయింది.

1970 నవంబరు. ఆ పిల్ల తల్లికి చూపు దాదాపు లేదు. మొగుడితో గొడవపడి, పిల్లని తీసుకుని ఇల్లు వదిలి వచ్చేసింది. అంధులకిచ్చే సాయం కోసం లాస్ ఏంజిల్స్ కౌంటీ ఆఫీసుకి వెళ్ళింది. సరిగా కనపడక పక్క తలుపులోకి, అంటే సంక్షేమ శాఖ ఆఫీసులోకి నడిచింది. అక్కడ అర్జీలు తీసుకునే ఉద్యోగి తల్లితో పాటు వచ్చిన పిల్లని చూసింది. ఆరేడేళ్ళుంటాయి, ఏదో తేడాగా ఉందనుకుంది. పై అధికారిని పిలిచింది. వయసు అడిగితే పదమూడు దాటాయని తేలింది. బరువు 27 కిలోలు కూడా లేదు. వెంటనే పోలీసులకి కబురు వెళ్ళింది. ఆ కథలో ఆ పిల్లని కనిపెట్టింది డాక్టరూ కాదు, పరిశోధకుడూ కాదు. కాగితాలు చూసే పనిలో ఉండి, తలెత్తి మనిషిని చూసిన ఒక ఉద్యోగి. ఆ తల్లి సరైన తలుపులోకి వెళ్ళి ఉంటే ఇంకెన్నాళ్ళు పట్టేదో. పైగా ఆ ఇల్లు ఏ అడవిలోనో లేదు. పక్కపక్కన ఇళ్ళున్న మామూలు వీధిలోనే ఉంది, ఏ హొరమావులోనో ఉన్నట్టు.

ఇక మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు దీపావళి. లక్ష్మీబాంబు పేలితే పెద్దవాళ్ళమే అదిరిపడతాం. ఆ పాప కదల్లేదన్నారు. అది చదవగానే నాకు ముప్పై ఏళ్ళ కిందటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను.

అప్పుడు మేం శ్రీరాంపురంలో ఒక ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళం. ఇంటివాళ్ళు చిత్తూరు వైపు నుంచి వచ్చి రెండు తరాల కిందటే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. వాళ్ళకి తొమ్మిదేళ్ళ కొడుకు ఉండేవాడు. మాటలు రావు. "బుద్ధి ఎదగలేదు" అని ఇంట్లో వాళ్ళే చెప్పేవాళ్ళు, మేం నమ్మేశాం. సంపులోంచి ట్యాంకుకి నీళ్ళు ఎక్కించడానికి మోటారు వేస్తే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి రెండు అరచేతులూ మోటారు మీద ఆనించి నవ్వేవాడు. మోటారు పిచ్చి అనుకుని మేమూ నవ్వేవాళ్ళం. అయితే మోటారు వేసినట్టు వాడికి ఎలా తెలిసేది అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పైపు పక్కన గోడకి చెయ్యి ఆనించి కూర్చునేవాడు, అదిరితే తెలిసేది. వాడు ఆ మోతని చేతులతో వింటున్నాడని నాకు తట్టలేదు.

వాళ్ళ పెద్దమ్మాయికి పెళ్ళిచూపులు. కాఫీలు అందించడానికి నన్ను కిందికి పిలిచారు. పిల్లాణ్ణి మేడ మీద సామాన్ల గదిలో పెట్టి గడియ వేశారు. పెళ్ళివారు ఉప్మా తింటుండగా పైన తలుపు బాదుతున్న చప్పుడు మొదలైంది. పెళ్ళికొడుకు తండ్రి "ఏమిటండీ ఆ చప్పుడు?" అని అడిగాడు. "పైన అద్దెకున్నవాళ్ళు" అన్నాడు ఇంటాయన. అద్దెకున్న నేను, చేతిలో కాఫీ ట్రేతో అక్కడే నిలబడి ఉన్నాను. నవ్వాను. ఆ చప్పుడు నాదేనని ఒప్పుకున్నట్టు నవ్వాను.

మీవారు "మనం అద్దెకున్నవాళ్ళం" అన్నారని చదివినప్పుడు నాకు ఆ ట్రే బరువు మళ్ళీ చేతికి తెలిసింది. ఆయన్ని తప్పు పట్టడం లేదమ్మా. ఆ మాట వెనక ఉన్నది రాతిగుండె కాదు, అగ్రిమెంటు రెన్యువల్.

ఆ పిల్లాడికి పదకొండో ఏట చుట్టాలెవరో బలవంతంగా చెవి పరీక్ష చేయించారు. పుట్టు చెవుడు. బుద్ధికి ఏ లోపమూ లేదు. బధిరుల బడిలో వేశారు, హాస్టల్లో ఉన్నాడు. రెండేళ్ళ తరవాత సెలవులకొచ్చినప్పుడు వాడూ, వాడి స్నేహితుడూ గేటు దగ్గర నిలబడి గంటసేపు చేతులతో మాట్లాడుకుంటుంటే చూశాను. ఏదో జోకు వేసుకుని విరగబడి నవ్వారు. చదువు మాత్రం వాడికి చివరిదాకా కష్టంగానే సాగింది. పోయిన ఆ పదకొండేళ్ళు పూర్తిగా తిరిగి రాలేదు.

ఇప్పుడు నేనూ ఒక పొరపాటు చేయకూడదు. మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం పట్టుకుని ఆ పాపకి చెవుడే అని తేల్చేయకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు పెద్ద శబ్దానికి కదలరు, చిన్న శబ్దానికి విలవిల్లాడతారు. ఏదైనా కావచ్చు. తేల్చాల్సింది డాక్టర్లు. మీకు దగ్గర్లోనే నిమ్హాన్స్ ఉంది, పిల్లల మానసిక వైద్యానికి అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. మైసూరులో వినికిడి, మాట సమస్యల కోసమే పనిచేసే ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఉంది, దేశం నలుమూలల నుంచి అక్కడికి పిల్లల్ని తెస్తారు. చెవి వినపడుతోందో లేదో పిల్ల నోటితో చెప్పక్కర్లేదు, నిద్రపుచ్చి చేసే బెరా టెస్టు ఉంది. అలాంటి ఊళ్ళో ఉండి ఒక పాప ఏడెనిమిదేళ్ళు కిటికీ దగ్గర నిలబడటం నాకు మింగుడుపడటం లేదు.

చెవుడే అయితే ఇంకో సంగతి ఉంది. వినపడని పిల్లకి ఇంట్లో ఎవరూ సైగల భాష నేర్పకపోతే, చుట్టూ నలుగురున్నా ఆ పిల్ల ఒంటరిదే. పెదవులు కదులుతుంటాయి, ఎందుకో తెలియదు. అందరూ నవ్వుతారు, ఎందుకో తెలియదు. దానికి తాళం అక్కర్లేదు. అమ్మమ్మ ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఆ పాప గ్లాసుతో గ్రిల్లు కొడుతూనే ఉంది కదా. వినడానికి కొట్టిందో, చేతికి అదురు తెలియాలని కొట్టిందో.

తొందరపడమని ఎందుకంటున్నానో చెప్పాలి. జీనీ బయటపడటానికి మూడేళ్ళ ముందు, 1967లో ఎరిక్ లెన్నెబర్గ్ అనే శాస్త్రవేత్త ఒక మాట ప్రతిపాదించాడు. మొదటి భాష నేర్చుకోవడానికి ఒక వయసుంటుంది, యుక్తవయసు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది అని. జీనీ దొరికేసరికి పరిశోధకులందరూ ఆ పిల్ల చుట్టూ చేరారు. సూజన్ కర్టిస్ అనే భాషాశాస్త్ర విద్యార్థిని ఏళ్ళ తరబడి ఆ పిల్లతో తిరిగి, 1977లో దాని మీద పుస్తకం రాసింది. జీనీకి మాటలు చకచకా వచ్చాయి. వస్తువు చూపించి పేరు చెప్పేదాకా వదిలేది కాదు. వాక్యం మాత్రం కుదరలేదు. "యాపిల్‌సాస్ కొను షాపు" అనేది. మన భాషలో చెప్పాలంటే లో, కి, తో అంటుకోలేదు. నేను అనాల్సిన చోట నువ్వు వచ్చేది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని సొంతంగా ప్రశ్న అడగడం పట్టుబడలేదు. దానికి కారణం ఆలస్యమా, పడ్డ హింసా, పుట్టుకతో ఏదైనా లోపం ఉందా అన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

కానీ ఆ డాక్యుమెంటరీ ఒక్కటే చూస్తే మనిషి కుంగిపోతాడు. ఇంకో రెండు కథలు కూడా చదవాలి. ఒకటి 1938లో అమెరికాలోని ఒహాయోది. ఇసబెల్ అని మారుపేరు పెట్టారు ఆ పిల్లకి. పెళ్ళి కాకుండా పుట్టిందని తాతగారు తల్లినీ పిల్లనీ చీకటి గదిలో పెట్టేశాడు. తల్లికి చెవుడు, మాటా లేదు. బయటపడేనాటికి పిల్లకి ఆరున్నరేళ్ళు, గొంతులోంచి ఏదో బొంగురు శబ్దం తప్ప ఏమీ రాదు. పరీక్షించినవాళ్ళు బుద్ధిమాంద్యం అనుకున్నారు. రెండేళ్ళు పట్టుబట్టి నేర్పితే తోటి పిల్లల్ని అందుకుంది, బడికి వెళ్ళింది. రెండోది చెకోస్లొవేకియాది. కవల మగపిల్లలు. సవతి తల్లి ఏడాదిన్నర వయసు నుంచి ఇద్దర్నీ మిగతావాళ్ళకి దూరంగా బంధించి ఉంచింది, 1967లో ఏడేళ్ళ వయసులో బయటపడ్డారు. రికెట్స్ అనే ఎముకల జబ్బు వచ్చి సరిగా నడవలేరు. వాళ్ళని ఇద్దరు అక్కచెల్లెళ్ళు దగ్గరికి తీసి పెంచుకున్నారు. మామూలు పిల్లల్లా చదువుకున్నారు.

ఇసబెల్‌కి మాట లేకపోయినా పక్కన తల్లి ఉంది, సైగ ఉంది. కవలలకి ఒకరికొకరు ఉన్నారు. జీనీకి ఎవరూ లేరు. ఇక వయసు చూడండి. ఆరున్నర, ఏడు. మీ కిటికీలో పాపకి ఏడెనిమిది అంటున్నారు. జీనీ వయసు కాదది, వీళ్ళ వయసు. ఆ పాపకి అమ్మమ్మ ఒడి కూడా తెలుసు. నాకు ఆశ ఉన్నదీ అక్కడే, టెన్షన్ ఉన్నదీ అక్కడే.

అత్తయ్యగారి మాటకి వద్దాం. ఆవిడ భయం ఉత్త భయం కాదు. పిల్లని లాక్కుపోతారేమో, తల్లిని జైల్లో వేస్తారేమో అన్నది ఎవరికైనా వచ్చే ఆలోచనే. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని తెలిసి నిర్లక్ష్యం చేసి బాధపెడితే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అది నిజమే. కానీ అదే చట్టం, పిల్లని కుటుంబంతో ఉంచడమే ముందు చూడాలి, హోముకి పంపడం అన్నిటికన్నా చివరి దారి అని కూడా చెప్తుంది. మీరు ఫోన్ చేస్తే ముందు మనుషులొచ్చి పిల్లని చూస్తారు. సంగతి జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందుకి వెళ్తుంది. అందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. తల్లిదండ్రుల్ని పిలిపించి మాట్లాడతారు, వైద్య పరీక్షలకి పంపమంటారు, మళ్ళీ మళ్ళీ వచ్చి చూసే ఏర్పాటు చేస్తారు. ఒంటి మీద దెబ్బలు కనిపిస్తేనో, ప్రాణానికి ముప్పు ఉంటేనో కొన్నాళ్ళు వేరే చోట ఉంచవచ్చు. అలా అస్సలు జరగదని మీకు మాట ఇవ్వలేను. అత్తయ్యగారితో ఒక్క మాట అనండి: ఆ తల్లినీ బిడ్డనీ ఇప్పటికే రోజుకి పది గంటలు ఒక తాళం విడదీస్తోంది అని.

ఆ తల్లి గురించి నేను చాలాసేపు ఆలోచించాను. కడప నుంచి బెంగళూరు వచ్చి, ఫ్లాటు కొనుక్కుని, ఈఎంఐ కడుతున్న మనిషి. మాటలు రాని పిల్లని ఎత్తుకుని ఎన్ని స్కూళ్ళ గేట్లు ఎక్కి దిగిందో. "మా దగ్గర సౌకర్యం లేదండీ" అని ఎంతమంది నవ్వుతూ పంపేశారో. అత్తవారి వైపు "మా వంశంలో ఇలాంటివి లేవు" అన్నారేమో. మన ఇళ్ళలో ఆ మాట ఎప్పుడూ తల్లి మీదికే వస్తుంది. పూర్వజన్మ పాపం అన్నవాళ్ళు కొందరు, నాలుకకి వస రాయమన్నవాళ్ళు కొందరు. చివరికి ఎవరికీ చూపించకపోతే ఎవరూ ఏమీ అనరు అన్న చోటికి ఆవిడ వచ్చి ఆగిపోయి ఉండొచ్చు. వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువు చెప్పాలని 2016లో చట్టం వచ్చింది. మామూలు బడిలోనైనా సరే, ప్రత్యేక బడిలోనైనా సరే, ఎంచుకునే హక్కు వాళ్ళది. ఆవిడకి ఎవరూ ఆ సంగతి చెప్పి ఉండరు. అర్థం చేసుకుంటున్నాను కానీ, అందుకని తాళం సబబైపోదు. ఎదుటి కిటికీలో మీరున్నది తాళానికి సాక్షిగా.

ఫోన్ సంగతి. 1098 నంబరు 1996లో ముంబైలో మొదలైంది, తరవాత దేశమంతా వ్యాపించింది. ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర నంబరు 112తో కలిపారు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. మీ పేరు చెప్పక్కర్లేదు. కన్నడ సరిగా రాదని ఆగిపోకండి, హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పండి. అపార్ట్‌మెంటు పేరు, బ్లాకు, అంతస్తు, తాళం పడే టైము, తీసే టైము, ఎన్ని రోజుల నుంచి, పాపకి సుమారు వయసు. మాటలు రావని విన్నాను, శబ్దానికి కదలకపోవడం చూశాను అనండి. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు. "జీనీ లాంటి కేసు" అని మాత్రం అనకండి, మీ గాభరా వింటారు తప్ప పాప సంగతి వినరు. పగటిపూట, తాళం ఉన్నప్పుడే చేయండి. రెండు రోజుల్లో ఎవరూ రాకపోతే మళ్ళీ చేయండి. ఈలోపు పొగ కనిపించినా, పాప కిందపడి లేవకపోయినా సీదా 112కి.

ఎవరు చెప్పారో తెలిసిపోతుందా అని మీవారు అడుగుతారు. ఆ ఫోన్ ఎత్తినవాళ్ళు చెప్పరు. కానీ ఆ కిటికీకి ఎదురుగా ఉన్న యుటిలిటీలు ఎన్ని ఉంటాయి? నాలుగో, అయిదో. ఊహించుకుంటారేమో, చెప్పలేను. అంత మాత్రానికి సిద్ధపడి ఉండండి.

వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా డిలీట్ చేశారే, అది మీరు చేసిన మంచి పని. ఫోటో, వీడియో తీయాలన్న ఆలోచన కూడా రానివ్వకండి. ఇలాంటి పిల్లల ఫోటో, పేరు, ఇల్లు గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం ఆ 2015 చట్టంలోనే నేరం. చట్టం సరే, మూడొందల మంది ఉన్న గ్రూపులో పడితే మరుసటి రోజుకి ఆ కిటికీకి మందపాటి పరదా పడుతుంది. ఇప్పుడు మీకు కనపడేది కూడా కనపడదు.

ఇక ఆ డాక్యుమెంటరీలో రెండో సగం. చాలామంది మొదటి సగం చూసి ఏడుస్తారు. నాకు రెండో సగమే ఎక్కువ బాధ. జీనీ బయటపడ్డాక ఏమైందో గుర్తుందా? తండ్రి కోర్టుకి వెళ్ళాల్సిన రోజున కాల్చుకుని చచ్చిపోయాడు. ఆసుపత్రిలో ఆ పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద పెద్దవాళ్ళే కొట్టుకున్నారు. నాలుగేళ్ళు ఒక సైకాలజిస్టు ఇంట్లో పెరిగింది. అక్కడ కాస్త కుదుటపడుతుండగా పరిశోధనకిచ్చే డబ్బు ఆగిపోయింది. తరవాత ఒక పెంపుడింటి నుంచి ఇంకో పెంపుడింటికి. ఒక ఇంట్లో వాంతి చేసుకుందని కఠినంగా శిక్షిస్తే, మళ్ళీ వాంతి అవుతుందేమోనన్న భయంతో నోరు తెరవడమే మానేసింది. మాటలు నేర్చుకున్న ఆ నోటినే. ఆ తరవాత సూజన్ కర్టిస్‌ని కూడా కలవనివ్వలేదు. అన్నాళ్ళూ ఆ పిల్ల చుట్టూ కెమెరాలు, టేపు రికార్డర్లు, నోట్సు పుస్తకాలు ఉన్నాయి. పనులు అయిపోయాయి, అందరూ వెళ్ళిపోయారు.

వాళ్ళందరూ జీతానికొచ్చినవాళ్ళు, గ్రాంటు ఉన్నన్నాళ్ళు ఉన్నారు. మీరు ఎదుటి బ్లాకులో ఉంటారు. అందుకే ఫోన్ చేయడం మీ పనిలో చిన్న ముక్క అంటాను. అధికారులొచ్చి వెళ్ళాక ఆ ఇంటికి అపార్ట్‌మెంటులో చాలామంది దూరమవుతారు. లిఫ్టులో ఆ తల్లి కనపడితే ఫోన్ చూసుకుంటారు. మీరు చూసుకోకండి. అమ్మమ్మ ఊరి నుంచి రాగానే పలకరించండి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే అలవాటుంటే పేరంటానికి పాపతో సహా పిలవండి. లేకపోతే పసుపు కుంకుమ వంకతో ఊరికే పిలవండి. మన ఊళ్ళల్లో మాట కలపడానికి పేరంటాన్ని మించిన దారి నాకు ఇప్పటికీ తెలియదు. రాకపోతే గిన్నెలో పులిహోర మీరే తీసుకెళ్ళి బెల్లు కొట్టండి. మొదటిసారి తలుపు సగమే తీస్తారు. సగం చాలు.

పాప చెవులు వినపడవని తేలితే మీ బాబుకి పది సైగలు నేర్పండి. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా కేంద్రం వాళ్ళు పది వేల పదాలతో నిఘంటువు తయారుచేశారు, వీడియోలు యూట్యూబ్‌లోనే ఉన్నాయి. పిల్లలు ఇలాంటివి మనకంటే వేగంగా పట్టుకుంటారు. జీనీ మాట్లాడలేకపోయినా, దారిన పోయేవాళ్ళు దానికి ఏం కావాలో గ్రహించేవాళ్ళట. ఒక మాంసం కొట్టు అతను వెళ్ళినప్పుడల్లా అడగకుండానే ఏదో ఒక ముక్క చేతిలో పెట్టేవాడని సూజన్ కర్టిస్ చెప్పింది. ఆ పిల్ల దాన్ని పెదవులకి ఆనించి, తడిమి చూసుకునేది, అతను అలా చూసుకోనిచ్చేవాడు.

మీ ఉత్తరం వచ్చేసరికి అమ్మమ్మ వెళ్ళి వారం అన్నారు. ఇది పత్రికలో వచ్చేదాకా ఆగడం నా వల్ల కాలేదు. మొన్న రాత్రే మీ మెయిల్‌కి రెండు లైన్ల జవాబు పెట్టాను, 1098 అని పెద్ద అంకెలతో. ఇంతవరకు తిరుగు జవాబు రాలేదు. స్పామ్‌లో పడిందేమో ఒకసారి చూడండమ్మా. ఇది చదువుతున్నప్పటికి ఇంకా ఫోన్ చేసి ఉండకపోతే, బట్టలు తరవాత ఆరేసుకోవచ్చు.